ఎలిజబెత్ ఫామ్ వాటర్‌కలర్‌లో: వరండా నీడ, కప్పు వాలు ఎక్కడ తప్పుతున్నాయి?

వేప_నీడ
అందరికీ నమస్కారం. మా వైపు ఉండే ఒక చిత్రకారిణి సిడ్నీ రోజ్‌హిల్‌లోని ఎలిజబెత్ ఫామ్ ఇంటిని వాటర్‌కలర్‌లో వేశారు. ఆవిడ అనుమతితోనే ఫొటో పెడుతున్నాను. కాగితం హాఫ్ ఇంపీరియల్, అంటే 38 × 56 సెం.మీ., 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకుగా ఉండేది). తోట వైపు నుంచి ఇంటి ముందుభాగం కనబడేలా వేశారు. బొమ్మ వెనక రాసుకున్న సమయం ఉదయం 9 గంటలు.

రెండో బొమ్మ మొదలుపెట్టే ముందు ఆవిడ అడుగుతున్నవి మూడు. ఒకటి, ఇల్లు చూస్తే ఆస్ట్రేలియాలోని ఇల్లులా కాక ఇంగ్లండ్ పల్లెటూరి కాటేజీలా ఉంది, ఎందుకు? రెండు, వరండా నల్లటి గుహలా తయారైంది. మూడు, చెట్ల ఆకుపచ్చ పచ్చిగా కొడుతోంది. మెచ్చుకోళ్లు అక్కర్లేదు, ఎక్కడ పోయిందో చెబితే చాలన్నారు.

చూరు_కొలతలు
మొదటి ప్రశ్నకు జవాబు కప్పులోనే ఉంది. ఫొటో మీద స్కేలు పెట్టి చూశాను. బొమ్మలో కప్పు ఎత్తు, చూరు కింద నేల వరకు ఉన్న ఎత్తుతో దాదాపు సమానంగా ఉంది. ఈ ఇంటి కప్పు అంత నిలువుగా లేవదు. నాలుగు వైపులా వాలే పొట్టి కప్పు అది, వాలు చాలా తక్కువ. చూరు బాగా కిందికి దిగి వరండా మీద పరుచుకుంటుంది. మంచు జారిపోవాల్సిన దేశంలో కప్పు నిలువుగా ఉంటుంది. ఎండ ఆపాల్సిన చోట చూరు ముందుకు సాగుతుంది. కప్పును నిటారు చేసిన మరుక్షణం ఇల్లు ఇంగ్లండ్‌కు వెళ్లిపోతుంది.

లెక్కతో చూపిస్తాను. ఉదాహరణకు చూరు ఎత్తు 2.5 మీటర్లు, కొప్పు (కప్పు అన్నిటికంటే పై అంచు) ఎత్తు 4.5, చూరు నుంచి కొప్పు 5 మీటర్లు లోపలికి, నిలబడ్డ మనిషి కంటిమట్టం 1.6 అనుకుందాం.

ఎత్తును దూరంతో భాగిస్తే అది కంటికి ఎంత కనబడుతుందో తేలుతుంది. 20 మీటర్ల దూరం నుంచి చూస్తే: చూరు కంటిమట్టానికి పైన 0.9/20 = 0.045. కొప్పు 2.9/25 = 0.116. నేల కంటిమట్టానికి కింద 1.6/20 = 0.08. అంటే నేల నుంచి చూరు దాకా 0.125, చూరు నుంచి కొప్పు దాకా 0.071. కింది భాగం 10 సెం.మీ. వేస్తే కప్పు 5.7 సెం.మీ. రావాలి.

6 మీటర్లకు దగ్గరగా వస్తే: కింది భాగం 0.417, కప్పు 0.114. అదే 10 సెం.మీ. కింది భాగానికి కప్పు 2.7 సెం.మీ. మాత్రమే. దగ్గరికి వెళ్లేకొద్దీ కప్పు కనుమరుగవుతుంది, వరండానే ఇల్లంతా అవుతుంది.

ఇప్పుడు బొమ్మ చూడండి. వరండా స్తంభాలు 6 మీటర్ల నుంచి చూసినంత పెద్దగా ఉన్నాయి. కప్పు ఎంత వెనక్కి వెళ్లినా రానంత ఎత్తుగా ఉంది. రెండు ఫొటోలు కలిపి, పైన అలవాటు కొద్దీ గీసిన గీత ఇది. నిలబడే చోటు ఒకటి ఖాయం చేసుకుని, చేయి చాచి పెన్సిల్‌తో ఆ రెండు ఎత్తులూ కొలిచి, ఆ నిష్పత్తి కాగితం అంచున రాసుకున్నాకే గీత మొదలుపెట్టాలి.

పడమటి_సిడ్నీ
చూరు_కొలతలు గారి లెక్కకు ఒక చేర్పు. ఫోన్‌లో మామూలు కెమెరా వైడ్ లెన్సే. దగ్గర నుంచి తీస్తే చివరి స్తంభాలు పక్కలకు సాగినట్టు వస్తాయి. ఇంత వెడల్పు, పొట్టి ఇళ్లకు అది మరీ తెలుస్తుంది. రెఫరెన్స్ ఫొటో కావాలంటే వీలైనంత వెనక్కి వెళ్లి 2 రెట్ల లెన్స్‌తో తీయాలి. ఫోన్ అడ్డంగా, ఛాతీ ఎత్తులో, పైకీ కిందికీ వంచకుండా పట్టుకోవాలి.

ఇంకొకటి, కంటిమట్టం. స్టూలు మీద కూర్చుని వేస్తే కంటిమట్టం 1.1 నుంచి 1.2 మీటర్లకు పడిపోతుంది. ఫొటో నిలబడి తీసి బొమ్మ కూర్చుని పూర్తి చేస్తే వరండా నేల ఒక కంటిమట్టంలో, చూరు ఇంకో కంటిమట్టంలో వస్తాయి. ఎడమ చివర వరండా నేల పైకి లేచినట్టుంది, చూడండి. కారణం అదే అయి ఉంటుంది.

ప్రింట్_గది
ఇంగ్లండ్ కాటేజీలా ఉండటానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఈ ఇంటి బొమ్మ అనగానే చాలామంది జోసెఫ్ లైసెట్ ప్రింట్ ముందు పెట్టుకుంటారు. లైసెట్ స్టాఫర్డ్‌షైర్ వాడు. దొంగనోట్ల కేసులో శిక్షపడి 1814లో సిడ్నీ చేరాడు, అక్కడా అదే పని చేసి న్యూకాజిల్‌కు పంపబడ్డాడు. 1822లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. లండన్‌లో 1824-25లో విడివిడి భాగాలుగా వచ్చిన ఆస్ట్రేలియా దృశ్యాల్లో జాన్ మెకార్థర్ ఇల్లు, అంటే ఈ ఎలిజబెత్ ఫామ్, ఒకటి. ఆక్వాటింట్ (లోహపు పలకను ఆమ్లంతో తినిపించి తీసే అచ్చు) మీద చేత్తో రంగులద్దిన ప్రింట్ అది.

అది వేసిన ఉద్దేశం తెలుసుకుని చూడాలి. లండన్‌లో కొనేవాళ్లకు ఆ దేశం మెత్తగా, పచ్చగా, పార్కులా కనబడాలి. అందుకే చెట్లు గుండ్రంగా, పచ్చిక దువ్వినట్టు ఉంటాయి. నేల రంగుకూ వెలుగుకూ దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఇల్లు కూడా అదే ఇల్లు కాదు. 1793లో మెకార్థర్‌కు 100 ఎకరాల మంజూరు వచ్చాక కట్టిన ఇటుక ఇల్లు మొదటిది. ముందువైపు 68 అడుగులు, లోతు 18 అడుగులు, పై అంతస్తు లేదు, పక్కనే వంటిల్లు అని 1794 నాటి ఉత్తరంలో ఉంది. ఇవాళ మనం చూసే ఇంటికి ఈ రూపం చాలావరకు 1820ల రెండో సగంలో, ఆ తర్వాత జరిగిన మార్పుల్లో వచ్చింది. లైసెట్ అప్పటికే ఓడెక్కేశాడు. కాబట్టి ఆయన ప్రింట్‌లోని రూపాన్నీ ఈనాటి వరండానూ కలిపి వేస్తే ఎప్పుడూ లేని ఇల్లు తయారవుతుంది.

వేప_నీడ
ప్రింట్_గది గారూ, ఆవిడ దగ్గర ఆ ప్రింట్ నకలు ఉన్న మాట నిజమే. 1820ల నాటి ఇల్లులా వేయాలా, ఇవాళ ఉన్నట్టు వేయాలా అన్నది ఆవిడ ఇంకా తేల్చుకోలేదు. పాతకాలం నాటిదిగా వేస్తే ఏమేం తీసేయాలి?

పాత_గోడలు
కనీసం ఈ రెండూ తీసేయాలి.

బన్యా పైన్. తోటలో నిటారుగా లేచి గుమ్మటంలా ముగిసే ఆ చెట్టు బొమ్మలో కుడివైపు బాగా వచ్చింది, కానీ బన్యాను బిడ్‌విల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇంగ్లండ్ తీసుకెళ్లడం, దానికి శాస్త్రీయనామం పెట్టడం 1840ల్లో. 1820ల సిడ్నీ తోటలో అది ఉండే అవకాశం లేదు. ఆలివ్ చెట్టు ఉండొచ్చు. ఆ తోటలోని ఆలివ్ 19వ శతాబ్దం తొలినాళ్లదని చెబుతారు, ఆస్ట్రేలియాలో మిగిలిన యూరప్ ఆలివ్‌లలో అతి పాతవాటిలో ఒకటి. అయితే అప్పటికి అది చిన్న చెట్టు, ఇప్పటి ముడుల మొద్దు వేయకూడదు.

ముడతల రేకు. ఆ బ్రిటిష్ వలస ప్రాంతంలో రేకు కప్పులు విరివిగా వచ్చింది 19వ శతాబ్దం మధ్య నుంచి. అంతకుముందు కప్పంటే చీల్చిన చెక్క పెంకులు. చెక్క పెంకు కొత్తగా ఉన్నప్పుడు ఎర్రటి గోధుమరంగులో ఉంటుంది, ఎండకూ వానకూ వెండి బూడిదరంగుకు తిరుగుతుంది. అంచు నేరుగా కత్తిరించినట్టుండదు, సన్నగా పళ్లు పళ్లుగా ఉంటుంది. చూరు గీత స్కేలుతో గీస్తే రేకులా కనిపిస్తుంది.

గోడ గురించి కూడా ఒక మాట. తొలినాళ్ల సిడ్నీ చుట్టుపక్కల సున్నపురాయి దొరక్క గుల్లలు కాల్చి సున్నం చేసుకునేవారు. కాకినాడ, బందరు పాత ఇళ్ల గుల్ల సున్నం తెలిసినవాళ్లకు ఆ గోడ వెలుగు తేలిగ్గా అర్థమవుతుంది. ఇటుక కూడా మెత్తటిది, అచ్చులో ఇసుక చల్లి తీసినది. అందుకే పైన గార పూత తప్పనిసరి. ఆ గార గోడ తెల్లటి తెలుపు కాదు, వెన్నరంగులోంచి పలచటి కావి వైపు పోతుంది. పెయింటు వేసిన ఆధునిక గోడలా ఒకే రంగు ఉండదు. నేలకు దగ్గర 30-40 సెం.మీ. మేర చెమ్మ పీల్చి కాస్త ముదురుగా, చూరు కింద లేతగా ఉంటుంది. బొమ్మలో గోడకు కాగితం తెలుపే వదిలేశారు. వెలుగు పడే గోడకు కూడా పలచటి రా సియెన్నా (పసుపు మట్టిరంగు) పూత ఒకటి ఉండాల్సిందే. తెలుపును స్తంభాలకు దాచుకోవాలి.

చూరు_కొలతలు
ఇప్పుడు నీడ. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఈ బొమ్మలో అసలు పట్టు ఇక్కడే ఉంది.

ముందు దిక్కు. ఇంటి ముఖం ఉత్తరానికి, నది వైపుకు ఉంది. సిడ్నీలో మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మనం ఇంటికెదురుగా దక్షిణం వైపు చూస్తూ నిలబడతాం కాబట్టి తూర్పు మన ఎడమ చేతివైపు. ఉదయం 9కి వెలుగు ఎడమ నుంచి రావాలి, స్తంభాల నీడలు కుడికి పడాలి. బొమ్మలో నీడలు ఎడమకు పడ్డాయి. అది మధ్యాహ్నం 3 గంటల వెలుగు. ఆంధ్రలో, తెలంగాణలో బొమ్మలు నేర్చుకున్న చేతికి ఇది బాగా అలవాటైన దారి. అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఎండ పడే దక్షిణ ముఖం ఇంటికెదురుగా నిలబడితే తూర్పు కుడివైపు ఉంటుంది. సిడ్నీలో అది తిరగబడుతుంది.

తర్వాత నీడ ఎంత కిందికి దిగుతుందన్నది. ఈ ఇల్లున్న పారమట్టా ప్రాంతం దాదాపు 33.8 డిగ్రీల దక్షిణ అక్షాంశం. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు జూన్ చివర్లో సుమారు 33 డిగ్రీలు, మార్చి, సెప్టెంబరుల్లో 56, డిసెంబరు చివర్లో 80కి కాస్త తక్కువ. వరండా లోతు 2.5 మీటర్లు, చూరు ఎత్తు 2.5 అనుకుని లెక్కేస్తే ఇలా వస్తుంది.

జూన్‌లో చూరు నీడ గోడ మీద 1.6 మీటర్లు దిగి ఆగుతుంది. నేల నుంచి 0.9 మీటర్ల వరకు గోడకు నేరుగా ఎండ. తలుపుల కింది సగం మెరుస్తుంది, స్తంభాల నీడలు గోడ మీదికి ఎక్కుతాయి.

మార్చిలో, సెప్టెంబరులో గోడ మొత్తం నీడే. ఎండ వరండా నేల మీద 1.7 మీటర్ల వరకు లోపలికి వచ్చి ఆగుతుంది.

డిసెంబరులో నేల అంచున దాదాపు 45 సెం.మీ. పట్టీకి మాత్రమే ఎండ. మిగతాదంతా నీడ.

ఈ బొమ్మలో గోడ మీద జూన్ నీడ గీత ఉంది. పచ్చికలో చెట్ల నీడలు డిసెంబరులో లాగా కాళ్ల కిందే గుండ్రంగా ఉన్నాయి. చూసేవాళ్లు ఈ లెక్క వేయరు, కానీ ఏదో అతకలేదని వాళ్ల కంటికి తెలుస్తుంది. నెల ఒకటి నిర్ణయించుకోండి. నా ఓటు జూన్, జులైలకే. గోడ మీదికి ఎండ ఎక్కే కాలం అదే, స్తంభాల ఏటవాలు నీడలు వరండా లోతును వాటంతట అవే చెబుతాయి.

గడియారం సంగతి కూడా చూసుకోండి. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు అక్కడ గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఆ నెలల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సుమారు ఒంటిగంటకు.

రంగుల_పెట్టె
నీడ ఎక్కడ పడాలో తేలింది కాబట్టి అది గుహలా కాకుండా ఎలా వేయాలో చెబుతాను. ఫొటో పెద్దది చేసి చూస్తే వరండా లోపల పేన్స్ గ్రే (నీలం కలిసిన ముదురు బూడిదరంగు) మీద ఇంకోసారి పేన్స్ గ్రే పడినట్టుంది. చల్లటి రంగు మీద చల్లటి రంగు, అందులోనూ రెండోది కింది పూత పూర్తిగా ఆరకముందే. దాంతో కింది రంగు లేచి మట్టిలా కలిసింది.

వరండా నీడ లోపల వెలుగు ఉంటుంది. ముందున్న ఎండ నేల, రాతి పలకలు వెలుగును పైకి కొడతాయి. ఆ వెలుగు వెచ్చగా ఉంటుంది, వరండా కప్పు అడుగుభాగాన్ని, గోడ పైభాగాన్ని తాకుతుంది. అందువల్ల చూరు కిందే అతి నలుపు ఉంటుందన్న ఊహ తప్పు. నిజమైన ముదురు తెరిచిన తలుపు లోపల, షట్టర్ల పలకల సందుల్లో, నేలా గోడా కలిసే మూలలో ఉంటుంది. ఒకటి నుంచి పది వరకు, ఒకటి తెలుపు అనుకుంటే: ఎండ గోడ 2, నీడ గోడ 5, వరండా కప్పు అడుగు 5 కానీ ఇంకా వెచ్చగా, తలుపు లోపలి చీకటి 8. ఎక్కడా 10 అక్కర్లేదు. నీడ గోడ 7 దాటిందంటే తలుపు చీకటికి చోటు ఉండదు. ఈ బొమ్మలో జరిగింది అదే.

వేసే వరస ఇదీ. గోడంతటికీ, నీడలో ఉండబోయే భాగంతో సహా, రా సియెన్నా చాలా పలచగా ఒక పూత. పూర్తిగా ఆరనివ్వండి. చేతి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తర్వాత నీడ రంగు కలపండి: ఫ్రెంచ్ అల్ట్రామెరైన్ (ముదురు నీలం) రెండు వంతులు, లైట్ రెడ్ (ఇటుక ఎరుపు) ఒక వంతు. 34 సెం.మీ. పొడవు వరండా పట్టీకి 10 మి.లీ. దాకా సిద్ధంగా ఉండాలి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే అదే రంగు రాదు, అతుకు కనబడుతుంది. బోర్డు 15 డిగ్రీలు వాల్చి, 12వ నంబరు గుండ్రటి కుంచెతో ఎడమ నుంచి కుడికి ఒకే ఊపులో లాగండి. తలుపులూ షట్టర్లూ చూసి ఆగకండి, వాటి మీదుగానే పోనివ్వండి. పూత తడిగా ఉండగానే, పైభాగంలోనూ నేల దగ్గరా చిక్కటి బర్న్ట్ సియెన్నా (ఎర్రటి మట్టిరంగు) చుక్కలు రెండు మూడు చోట్ల తాకించి వదిలేయండి. రంగు దానంతట అది పాకుతుంది, కుంచెతో కెలకవద్దు.

ఇక్కడ చెడేవి రెండు. తాకించే రంగులో నీళ్లు పూతలోకంటే ఎక్కువైతే పువ్వులా విచ్చుకుని అంచు కడుతుంది. కాబట్టి తాకించే రంగు ఎప్పుడూ పూతకంటే చిక్కగా ఉండాలి. రెండోది, మెరుపు పోయి కాగితం మందగించిన దశలో చేయి పెట్టడం. ఆ దశలో ఏం తాకించినా మచ్చే. తప్పు కనబడినా అలాగే వదిలేసి, ఆరాక సరిచేయాలి.

షట్టర్లు, తలుపుల చీకటి ఆఖరున, ఆరిన నీడ మీద. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా సమానంగా, నీళ్లు తక్కువ. తలుపు చీకటి పైన చిక్కగా మొదలుపెట్టి కిందికి వచ్చేసరికి కాస్త పలచబడాలి, లోపలి నేల వెలుగు అందుకుంటుంది కాబట్టి.

వేప_నీడ
స్తంభాలకు మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందే పూసే రబ్బరు ద్రవం) వాడారు. తీసేటప్పుడు రెండు చోట్ల కాగితం పొర లేచింది. అక్కడ రంగు మచ్చలా పీల్చుకుంది. దీనికి మార్గం ఉందా?

రంగుల_పెట్టె
లేచిన పొరకు మందు లేదు. అక్కడ తెల్ల గువాష్‌తో (కింది రంగును కప్పేసే చిక్కటి నీటిరంగు) సరిపెట్టుకోవడమే.

మళ్లీ అలా జరగకుండా: మాస్కింగ్ పెట్టే ముందు కాగితం ఎముకలా ఆరి ఉండాలి. తడి కాగితంలోకి రబ్బరు ఇంకి పోగులను పట్టేస్తుంది. పెట్టినరోజే తీసేయాలి, ఎండలో కారులో వదిలితే అతుక్కుపోతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి తగలనివ్వకండి. మంచి కుంచె వాడకండి, పాత కుంచెను ముందు సబ్బులో ముంచి పెట్టండి. తీసేటప్పుడు గోటితో కాకుండా క్రేప్ రబ్బరుతో, కాగితానికి సమాంతరంగా లాగండి.

నేనైతే ఈ స్తంభాలకు మాస్కింగ్ అసలు వాడను. అవి సన్నటి చెక్క స్తంభాలు. 1:60 స్కేలులో (అసలులో అరవయ్యో వంతు) 15 సెం.మీ. స్తంభం కాగితం మీద 2.5 మి.మీ. వస్తుంది. మాస్కింగ్ తీస్తే అంచులు కోసినట్టు గట్టిగా ఉంటాయి, అన్ని స్తంభాలూ అతికించిన పుల్లల్లా వస్తాయి. వాటి మధ్య ఖాళీల్లో నీడ పూత వేసుకుంటూ పోతే కొన్నిచోట్ల అంచు మెత్తగా కలుస్తుంది, చూడ్డానికి అదే బాగుంటుంది. ఒకే ఊపులో లాగాలన్నాను కదా, దానికీ దీనికీ పొసగదని అడగొచ్చు. 10-12 సెం.మీ. ముక్కలుగా ఆలోచించండి. స్తంభం దగ్గర ఆగి మళ్లీ మొదలుపెడితే అతుకు స్తంభం వెనక దాగిపోతుంది.

పాత_గోడలు
మాస్కింగ్ విషయంలో నాది వేరే మాట. స్తంభాల మీద ఎండ నేరుగా పడుతుంది, వెనక నీడ. అక్కడ గట్టి అంచే నిజం. చూరుకు తగిలే పై 30 సెం.మీ. మాత్రమే మెత్తగా ఉండాలి. స్తంభం కింది మూడు వంతులకు మాస్కింగ్, పైవంతు చేత్తో. ఇలా చేస్తే రెండూ దక్కుతాయి.

కప్పు రేకుగా వేస్తున్నవాళ్లకు: మామూలు ముడతల రేకులో ముడతకూ ముడతకూ దూరం 76 మి.మీ. 1:60 స్కేలులో అది 1.3 మి.మీ. కంటే తక్కువ. ప్రతి ముడతా గీస్తే కప్పు దువ్వెనలా తయారవుతుంది. ఆకాశం రంగు ఒక పలచటి పూత వేసి, అది ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో కొప్పు నుంచి చూరు వైపు, వాలు దిశలో, అక్కడక్కడ మాత్రమే లాగండి. రేకుల అతుకు గీతలు రెండు మూడు చాలు. తుప్పు వేయాలనుకుంటే మేకుల వరసల దగ్గర, కిందికి కారినట్టు వేయాలి. నాలుగు వాలుల కప్పు కాబట్టి పక్క వాలు మీద ముడతల దిశ మారుతుంది. అది మర్చిపోతే కప్పు చదునైపోతుంది.

పడమటి_సిడ్నీ
ఆకుపచ్చ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. ట్యూబులోని సాప్ గ్రీన్ నేరుగా వాడారని తెలిసిపోతోంది. యూకలిప్టస్ జాతి చెట్లలో చాలావాటికి ఆకులు నిలువుగా వేలాడతాయి. మామిడి, చింత చెట్లలా నిండు గొడుగు కట్టవు. గుబురుల మధ్య ఆకాశం కనబడుతుంది, కొమ్మలు ఆ సందుల్లోంచి లేతగా కనిపిస్తాయి. గుబుర్లు చిన్నవి, విడివిడిగా, కొమ్మల చివర్ల దగ్గర వేయాలి. కింది అంచు ముదురు, పై అంచు లేత.

రంగు: రా సియెన్నా మూడు వంతులు, కోబాల్ట్ బ్లూ రెండు, బర్న్ట్ సియెన్నా చిటికెడు. కొత్త చిగుళ్లు ఎర్రటి రాగిరంగులో ఉంటాయి, వాటికి అదే బర్న్ట్ సియెన్నా పలచగా. ఆలివ్‌కు సెరులియన్ రెండు, ఎల్లో ఓకర్ ఒకటి. ఆ జంట కాగితం మీద రేణువులుగా విడిపోయి బూడిద పచ్చ ఇస్తుంది, ఆలివ్ ఆకు అడుగున ఉండే వెండిరంగుకు దగ్గర. బన్యాకు మాత్రం ముదురు, నిండు పచ్చ కావాలి. మొత్తం బొమ్మలో ముదురు పచ్చ అదొక్కటే అయితే మిగతా చెట్లు వాటి జాతిలో అవి కనబడతాయి.

పచ్చిక ఎండాకాలంలో గడ్డిరంగుకు వస్తుంది. అక్కడ కూడా పచ్చ తగ్గించి రా సియెన్నా పెంచండి.

ప్రింట్_గది
స్థానిక చిత్రకారులు ఇళ్ల బొమ్మలు వేయడానికి అక్కడ పాత ఆనవాయితీ ఉంది, లైసెట్‌తోనే ఆగిపోవద్దు. డార్విన్‌తో పాటు బీగిల్ ఓడలో కొంతకాలం పనిచేసిన కాన్రాడ్ మార్టెన్స్ 1835లో సిడ్నీలో దిగి అక్కడే స్థిరపడ్డాడు. ఇళ్ల యజమానులు అడిగితే వాళ్ల ఇల్లు వేసిచ్చేవాడు. 1851-52లో ఇప్పటి క్వీన్స్‌ల్యాండ్‌లోని డార్లింగ్ డౌన్స్ తిరిగి పశువుల, గొర్రెల మందల యజమానుల ఇళ్లు వేశాడు. విక్టోరియాలో ఇదే పని యూజీన్ వాన్ గెరార్డ్ నూనె రంగుల్లో చేశాడు. మార్టెన్స్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంటిని చిన్నదిగా వేసే ధైర్యం. కాగితంలో ఇంటికి చిన్న చోటే ఇచ్చి, మిగతాది నేలకూ వెలుగుకూ వదులుతాడు. ఎలిజబెత్ ఫామ్ పొట్టిగా, వెడల్పుగా ఉన్న ఇల్లు. 1794 ఉత్తరంలోని 68 అడుగులు అంటే 20.7 మీటర్లు, 1:60లో 34.5 సెం.మీ. 2.5 మీటర్ల చూరు 4.2 సెం.మీ. మాత్రమే. 38 సెం.మీ. ఎత్తున్న కాగితంలో అంత సన్నటి పట్టీ ఎక్కడ పెట్టాలన్నదే కూర్పులో మొదటి ప్రశ్న. నడిమధ్య పెడితే కాగితం రెండు ముక్కలవుతుంది. కంటిమట్టం కింది నుంచి మూడో వంతులో పెట్టి, పైన చెట్లకు చోటిస్తే నిలుస్తుంది.

కాగితం అడ్డంగా కోసుకోవడం కూడా మంచి దారి. 24 × 56 సెం.మీ. ఈ ఇంటికి బాగా నప్పుతుంది.

పాత_గోడలు
బొమ్మ కింద రాసే నాలుగు మాటల గురించి. "1793 నాటి ఇల్లు" అని మాత్రమే రాస్తే కనబడే వరండా కూడా 1793దే అనిపిస్తుంది. "1793లో మొదలైన ఇల్లు, 19వ శతాబ్దంలో పెంచినది" అంటే సరిపోతుంది. ఆస్ట్రేలియాలో మిగిలిన యూరోపియన్ ఇళ్లలో అతి పాతదిగా చెప్పేది దీన్నే. ఆ 100 ఎకరాలు మంజూరు కాకముందు ఆ నేల ఆదివాసీలైన డారగ్ ప్రజల్లో బుర్రమట్టగల్ వంశీయులది. బొమ్మ పేరు పక్కన అది కూడా ఉండాలని నా పట్టుదల. ఖాళీ నేలలో ఇల్లు లేచినట్టు చూపడం లైసెట్ కాలపు అమ్మకం పద్ధతి, మనకు అక్కర్లేదు.

పక్కనే ఉన్న హారిస్ పార్క్‌లో ఉండే మనవాళ్లకు ఇది నడిచి వెళ్లే దూరమే. ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ కాటేజ్, హాంబుల్డన్ కాటేజ్ కూడా ఆ చుట్టుపక్కలే. హాంబుల్డన్ 1824 నాటిది, మెకార్థర్ కుటుంబం తమ గవర్నెస్ పెనెలొపీ లూకాస్ కోసం కట్టించినది. మూడింటి చూర్లూ ఒకే రోజు స్కెచ్‌బుక్‌లో గీసుకుంటే ఈ తరహా ఇళ్ల నిష్పత్తి చేతికి వచ్చేస్తుంది. ఇండియా సంబంధం కావాలంటే అదీ ఉంది. 1794లో మెకార్థర్ మందలో చేరినవి కలకత్తా నుంచి వచ్చిన 60 బెంగాల్ గొర్రెలు, మెరీనోలు ఆ తర్వాత వచ్చాయి.

వేప_నీడ
చాలా ఉపయోగపడే మాటలు, అన్నీ ఆవిడకు చదివి వినిపించాను. ఇవాళ ఉన్న ఇల్లే, జూన్ వెలుగులో, 24 × 56లో వేయాలని నిర్ణయించుకున్నారు. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒరిజినల్ కాకినాడలో ఉన్న బంధువులకు వెళ్తుంది. సముద్రపు గాలికి ఏం జాగ్రత్తలు? ఇక్కడి తెలుగువాళ్లు కొందరు క్యాలెండర్‌లో అచ్చేసుకుంటామంటున్నారు. ఇవ్వొచ్చా?

కాకినాడ_కుంచె
కోస్తాలో వాటర్‌కలర్‌కు అసలు శత్రువు బూజు. కాగితానికి పట్టించిన జెలటిన్ సైజింగ్ (నీళ్లు త్వరగా పీల్చకుండా పట్టించే జిగురు) దానికి తిండి. గాలిలో తేమ 65-70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే గోధుమ చుక్కలు మొదలవుతాయి.

పంపేటప్పుడు చుట్టకండి. 300 జీఎస్ఎం కాగితం చుడితే పూత చిట్లకపోయినా వంపు ఉండిపోతుంది. యాసిడ్-ఫ్రీ కాగితం పైన కప్పి, బొమ్మకంటే ప్రతి వైపూ 5 సెం.మీ. పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, అట్టల ముడతలు ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా చూసి, పైన ప్లాస్టిక్ చుట్టండి. ఫ్రేమ్ కాకినాడలోనే కట్టించడం మేలు. అద్దంతో విమానంలో పంపకండి.

ఫ్రేమ్‌లో బొమ్మ అద్దాన్ని తాకకూడదు. మౌంట్ బోర్డు యాసిడ్-ఫ్రీ అయి ఉండాలి, అద్దానికీ బొమ్మకూ కనీసం 3 మి.మీ. ఖాళీ. బొమ్మను బోర్డుకు జిగురుతో అతికించనివ్వకండి. పై అంచున రెండు హింజ్‌లు (బొమ్మను వేలాడదీసే చిన్న కాగితం పట్టీలు), జపనీస్ కాగితం, గోధుమపిండి జిగురు. ఫ్రేమ్ షాపుల్లో సెలోటేపు, గోధుమరంగు టేపు వాడతారు, ముందే చెప్పి ఆపించాలి. వెనక కింది మూలల్లో చిన్న ఫెల్ట్ బిళ్లలు పెడితే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వానజల్లు కొట్టే బయటిగోడ లోపలివైపు తగిలించవద్దు. అల్ట్రామెరైన్, సియెన్నాలు వెలుగుకు నిలుస్తాయి, అయినా నేరుగా ఎండ పడే గోడ వద్దు.

ప్రింట్_గది
క్యాలెండర్ సంగతి. ఒరిజినల్ ఎవరి దగ్గరున్నా కాపీరైట్ వేసినావిడదే. అమ్మినంత మాత్రాన అచ్చేసుకునే హక్కు వెళ్లదు. ఆస్ట్రేలియాలో అది చిత్రకారిణి జీవితకాలం, ఆపైన 70 ఏళ్లు. ఇండియాలో జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. కాబట్టి ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆవిడ ఇష్టం. ఇస్తే రాసి ఇవ్వాలి: ఏ ఏడాది క్యాలెండర్, ఎన్ని కాపీలు, ఎంత సైజు, పేరు ఎక్కడ వేస్తారు, రంగులు మార్చకూడదు, బొమ్మ కోయకూడదు. అడ్డపట్టీ బొమ్మను క్యాలెండర్ కొలతకు కోసేస్తారు, ఆ షరతు మర్చిపోవద్దు. బయట నుంచి కనబడే పాత ఇంటిని బొమ్మగా వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లైసెట్ ప్రింట్ కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, కానీ మ్యూజియం వెబ్‌సైట్ నుంచి దింపిన ఫొటో వాడేముందు వాళ్ల షరతులు చదవాలి.

స్కాన్ ఫ్రేమ్ కట్టకముందే చేయించండి. ఒరిజినల్ సైజులో 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంటే 24 × 56 సెం.మీ. బొమ్మకు సుమారు 2,835 × 6,614 పిక్సెళ్లు. పెద్దది చేసే ఆలోచన ఉంటే 600. ఆవిడ నీడ పూతలో అల్ట్రామెరైన్ రేణువులు ఉంటాయి కాబట్టి ఫ్లాట్‌బెడ్ స్కానర్ వెలుగు ఒకే పక్క నుంచి కొడితే కాగితం గరుకు రెట్టింపుగా కనబడుతుంది. షాపులో ముందు ఒక చిన్న ముక్క స్కాన్ చేయించి, వరండా నీడ దగ్గర పెద్దది చేసి చూడండి. గరుకు ఎక్కువగా ఉంటే కాగితాన్ని 90 డిగ్రీలు తిప్పి ఇంకోసారి స్కాన్ చేసి, రెండింటినీ కలపమనండి.